రీసెట్ నొక్కేముందు ఆ డబ్బాలో ఏముందో రాసుకోండి

ధాన్యం సీజన్ మధ్యలో ఓ రైస్ మిల్లు నుంచి పొద్దున్నే ఫోన్ వచ్చింది. వేబ్రిడ్జి మీద లారీ ఉంది, కాటా గదిలో ఇండికేటర్ మీద బరువు చక్కగా కనిపిస్తోంది, ఆఫీసు కంప్యూటర్‌లో మాత్రం ఏమీ రావట్లేదు. బయట రోడ్డు దాకా ట్రాక్టర్లు ఆగి ఉన్నాయి. నేను వెళ్ళేసరికి గుమస్తా చేతిలో ఫోన్ సిమ్ తీసే పిన్ను ఉంది, ఇండికేటర్ బరువుని ఆఫీసు నెట్‌వర్క్‌కి అందించే, గోడకి బిగించిన చిన్న ఇనుప డబ్బా పక్కనున్న చిల్లులో దాన్ని గుచ్చబోతున్నాడు. "రీసెట్ కొడితే అయిపోతది కదన్నా, మా ఇంట్ల వైఫైకి గూడ గంతే చేస్త" అన్నాడు. నేను ఆపలేదు, పైగా కొట్టమన్నాను.

ఆ ఒక్క మాటకి సాయంత్రం దాకా అక్కడే ఉండాల్సి వచ్చింది. ఆ ఇండికేటర్ 2400 వేగంతో, 7 డేటా బిట్లతో, ఈవెన్ ప్యారిటీతో మాట్లాడే పాత రకం (ఇవేంటో కింద చెప్తాను). ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు, ఎక్కడా రాసిలేదు, ఆ డబ్బా మెమరీలో తప్ప. దాన్ని మా చేతులతో మేమే తుడిచేశాం. ఇంతా చేస్తే అసలు జబ్బు ఏంటంటే, స్విచ్ దగ్గర నెట్‌వర్క్ కేబుల్ ప్లగ్గుకి క్లిప్పు విరిగి అది కాస్త బయటికి జారింది. వేలితో లోపలికి నొక్కితే పోయేది.

ఈ డబ్బాని సీరియల్ సర్వర్ అంటారు, డివైస్ సర్వర్ అంటారు, మన దగ్గర ఎక్కువమంది ఉత్తి "కన్వర్టర్" అనేస్తారు. మిల్లులు, ఫ్యాక్టరీలు, ఆసుపత్రి ల్యాబులు, సబ్‌స్టేషన్లు, చాలాచోట్ల గోడకో ప్యానెల్ లోపలో బిగించి ఉంటుంది. పెట్టినవాళ్ళు పెట్టి వెళ్ళిపోతారు, వాడేవాళ్ళకి అదేంటో తెలీదు, పని ఆగినప్పుడు మాత్రం అందరి చెయ్యీ ముందు ఆ రీసెట్ చిల్లు మీదికే పోతుంది. అక్కడిదాకా వెళ్ళేముందు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే చాలా రోజులు మిగులుతాయి.

ఒక డబ్బా, రెండు లోకాలు

ఆర్‌ఎస్-232 అనే సీరియల్ పద్ధతి 1960లో వచ్చింది. ఇంత పాతది ఇంకా ఎందుకు బతికుందంటే, అది అంత సులువైనది కాబట్టి. పంపడానికి ఒక తీగ, అందుకోవడానికి ఒక తీగ, గ్రౌండ్ ఒకటి, మూడు తీగలుంటే రెండు యంత్రాలు మాట్లాడుకుంటాయి. ఒకసారి కొన్న వేబ్రిడ్జి ఇండికేటరో, రక్తపరీక్ష యంత్రమో, సీఎన్‌సీ మెషినో ఇరవై ఏళ్ళు పనిచేస్తుంది, దాని వెనక ఆ తొమ్మిది పిన్నుల పోర్టు అలాగే ఉంటుంది. కానీ కొత్త కంప్యూటర్లలో ఆ పోర్టు పోయింది. పైగా ఆర్‌ఎస్-232 కేబుల్‌ని పదిహేను మీటర్లు దాటించి లాగితే భరోసా ఉండదు, మిల్లు గేటు దగ్గరి కాటా గదికీ ఆఫీసుకీ మధ్య వంద మీటర్లుంటాయి. ఈ రెండు ఇబ్బందుల్నీ ఒకేసారి తీర్చడానికి ఈ డబ్బా వచ్చింది. ఒకవైపు తొమ్మిది పిన్నుల పోర్టు, ఇంకోవైపు నెట్‌వర్క్ కేబుల్ పెట్టే చోటు.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. ఈ రెండు వైపులకీ స్వభావం వేరు. నెట్‌వర్క్ వైపు యంత్రాలు ఒకదాన్నొకటి పలకరించుకుని, ఎంత వేగంతో మాట్లాడాలో ఒప్పందం చేసుకుని, అందింది అందలేదు అని జవాబులిచ్చుకుంటూ పనిచేస్తాయి. సీరియల్ వైపు అలాంటివేం ఉండవు. బాడ్ రేటు (పంపే వేగం), డేటా బిట్లు (ఒక్కో అక్షరానికి ఎన్ని బిట్లు), ప్యారిటీ (తప్పు పట్టడానికి చేర్చే బిట్), స్టాప్ బిట్లు (అక్షరం ముగిసిందనే గుర్తు), ఫ్లో కంట్రోల్ (ఆగు, పంపు అనే సైగలు), ఈ ఐదూ రెండు కొసల్లోనూ మనిషే ముందుగా ఒకేలా పెట్టాలి. ఒక కొసలో ఒకటి తేడా పెట్టినా ఆ తీగ మీద ఎవరూ "తప్పు" అని చెప్పరు, ఊరికే చెత్త అక్షరాలు వస్తాయి, లేకపోతే అసలేమీ రాదు.

అందుకే "పింగ్ వస్తోంది సార్, డబ్బా బాగానే ఉంది" అనే మాట నేను సగమే నమ్ముతాను. పింగ్ అంటే నెట్‌వర్క్‌లో ఉన్నావా అని అడిగే పలకరింపు, దానికి జవాబు వచ్చిందంటే నెట్‌వర్క్ వైపు బతికుందని అర్థం. సీరియల్ వైపు కేబుల్ ఊడిపోయి నేల మీద పడున్నా పింగ్ వస్తూనే ఉంటుంది.

ముందు ఏ వైపు పోయిందో తేల్చుకోవాలి

ఇక్కడి నుంచి ఉదాహరణకి మోక్సా కంపెనీ ఎన్‌పోర్ట్ 5110 తీసుకుంటాను, ఒక్క ఆర్‌ఎస్-232 పోర్టు ఉండే చిన్న డబ్బా, నేను ఎక్కువగా పెట్టింది అదే. వేరే కంపెనీవైనా సూత్రం ఇదే, నంబర్లు మాత్రం మారతాయి.

దాని మీద మూడు లైట్లుంటాయి. రెడీ లైటు ఎర్రగా నిలకడగా ఉంటే ఇంకా బూట్ అవుతోంది, ఆకుపచ్చగా నిలకడగా ఉంటే మామూలుగా పనిచేస్తోంది. ఎర్రగా ఆరుతూ వెలుగుతుంటే ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) వేరేదానితో కొట్టుకుంటోందని, లేదా డీహెచ్‌సీపీలో, అంటే రౌటర్ తానే అడ్రస్ పంచే పద్ధతిలో, అడ్రస్ అడిగితే సరైన జవాబు రాలేదని. లింక్ లైటు నారింజ రంగులో ఉంటే 10 ఎంబీపీఎస్, ఆకుపచ్చ అయితే 100, అసలు వెలగకపోతే కేబులో స్విచ్చో చూసుకోవాలి. ఆ రోజు మిల్లులో ఈ లింక్ లైటు ఆరిపోయి ఉంది, మేము దాని వంక చూడనే లేదు. మూడోది డేటా లైటు. సీరియల్ వైపు నుంచి ఏదైనా లోపలికి వస్తే నారింజ, డబ్బా బయటికి పంపితే ఆకుపచ్చ మెరుస్తుంది. బరువుని నిరంతరం పంపే ఇండికేటర్ తగిలించినప్పుడు ఈ లైటు నారింజగా మెరుస్తూనే ఉండాలి. మెరవట్లేదంటే నెట్‌వర్క్ జోలికే వెళ్ళక్కర్లేదు, ఇండికేటర్‌నీ దాని కేబుల్‌నీ చూడండి.

లైట్లతో తేలకపోతే లూప్‌బ్యాక్ పరీక్ష చేయాలి. ఇండికేటర్ కేబుల్ తీసేసి, డబ్బా మీదున్న తొమ్మిది పిన్నుల్లో 2నీ 3నీ చిన్న తీగముక్కతో కలపండి. 2 అందుకునేది, 3 పంపేది, కాబట్టి డబ్బా పంపింది దానికే తిరిగొస్తుంది. కంప్యూటర్‌లో పుట్టీ లాంటి ప్రోగ్రామ్‌తో ఆ పోర్టు తెరిచి ఏదైనా అక్షరం కొడితే అదే అక్షరం తెర మీద కనిపించాలి. కనిపించిందా, అయితే కంప్యూటర్, నెట్‌వర్క్, డబ్బా మూడూ మంచివే, తప్పు ఇండికేటర్ దగ్గరో కేబుల్ దగ్గరో, లేదా ఆ ఐదు సెట్టింగుల్లోనో ఉంది. ఒక విషయం గుర్తుంచుకోండి, ఈ పరీక్ష బాడ్ రేటు తప్పుని పట్టదు. పంపేదీ అందుకునేదీ ఒకటే అయినప్పుడు ఏ వేగంలోనైనా సరిపోతుంది కదా.

కేబుల్ విషయానికొస్తే, ఈ డబ్బా పోర్టు అచ్చం పాత కంప్యూటర్ పోర్టు లాంటిది. ఇండికేటర్ కూడా అదే రకం అయితే నేరు కేబుల్ పెట్టి ఎంతసేపు చూసినా పని జరగదు, 2, 3 పిన్నులు అడ్డంగా మారే క్రాస్ కేబుల్ కావాలి. ఇదొక్కటి తెలియక రోజంతా పోగొట్టుకున్నవాళ్ళని చూశాను.

సెట్టింగులు పెట్టడం

కొత్త ఎన్‌పోర్ట్ 192.168.127.254 అనే అడ్రస్‌తో వస్తుంది. ఆఫీసు నెట్‌వర్కులు ఎక్కువగా 192.168.1 తోనో 192.168.0 తోనో మొదలవుతాయి కాబట్టి దాన్ని స్విచ్‌కి తగిలించి బ్రౌజర్‌లో అడ్రస్ కొడితే ఏమీ రాదు, చాలామంది అక్కడే డబ్బా పాడైందనుకుంటారు. ల్యాప్‌టాప్‌ని నేరుగా డబ్బాకి కలిపి, ల్యాప్‌టాప్ అడ్రస్‌ని 192.168.127.10 అనీ మాస్క్‌ని 255.255.255.0 అనీ పెట్టుకుంటే పేజీ తెరుచుకుంటుంది. పాత ఫర్మ్‌వేర్‌లో (డబ్బా లోపల నడిచే ప్రోగ్రామ్) పాస్‌వర్డ్ ఖాళీ, తర్వాతి వాటిలో యూజర్ అడ్మిన్, పాస్‌వర్డ్ మోక్సా, రెండూ చిన్న అక్షరాల్లో.

కంపెనీ ఇచ్చే వెతికే ప్రోగ్రామ్ కూడా ఉంది. అది యూడీపీ అనే నెట్‌వర్క్ పద్ధతిలో 4800 పోర్టు మీద (ఇక్కడ పోర్టు అంటే పిన్నులది కాదు, నెట్‌వర్క్‌లో తలుపు నంబర్ లాంటిది) అందరికీ వినపడేలా కేకేస్తుంది, అందుకే అడ్రస్ తెలియని డబ్బా కూడా దొరుకుతుంది. దొరకలేదంటే ముందు విండోస్ ఫైర్‌వాల్‌ని అనుమానించండి. మధ్యలో రౌటర్ ఉన్నా దొరకదు, ఆ కేక రౌటర్ దాటి వెళ్ళదు. ఒకేసారి నాలుగు కొత్త డబ్బాలు తెచ్చి స్విచ్‌కి తగిలించే పొరపాటు చేయకండి, నాలుగింటికీ అదే అడ్రస్ ఉంటుంది, రెడీ లైట్లు ఎర్రగా కొట్టుకుంటాయి. ఒక్కొక్కటిగా అడ్రస్ మార్చి తగిలించాలి.

అడ్రస్‌ని స్టాటిక్‌గానే, అంటే మారకుండా చేత్తోనే పెట్టండి. డీహెచ్‌సీపీ ఇస్తే ఏదో ఒక రోజు రౌటర్ మార్చినప్పుడు అడ్రస్ మారిపోతుంది, కంప్యూటర్ పాత అడ్రస్ దగ్గరే తలుపు కొడుతూ కూర్చుంటుంది.

వేరే కంపెనీల దారి వేరుగా ఉంటుంది. లాంట్రానిక్స్ డబ్బాలు చాలావాటిలో టెల్‌నెట్‌తో (దూరం నుంచి కమాండ్లు కొట్టే పద్ధతి) 9999 పోర్టుకి వెళ్ళి, కొన్ని సెకన్లలోపే ఎంటర్ కొడితేనే సెటప్ మెనూ తెరుచుకుంటుంది, ఆలస్యమైతే కనెక్షన్ కట్. నెట్‌వర్క్ దారి మూసుకుపోతే సీరియల్ పోర్టు నుంచే లోపలికి వెళ్ళొచ్చు, 9600 వేగం పెట్టి, ఎక్స్ అక్షరం మీద వేలు నొక్కి పట్టి, అప్పుడు డబ్బాకి పవర్ ఇవ్వాలి.

ఇక అసలైన నిర్ణయం, మోడ్, అంటే కంప్యూటర్ డబ్బాతో ఎలా మాట్లాడాలన్నది. రియల్ కామ్ మోడ్‌లో కంప్యూటర్‌లో ఒక డ్రైవర్ వేస్తాం, అది కామ్5 లాంటి ఒక పోర్టుని సృష్టించి, పాత సాఫ్ట్‌వేర్‌ని అది నిజమైన పోర్టే అని నమ్మిస్తుంది. టీసీపీ (నెట్‌వర్క్ మీద కనెక్షన్ కట్టుకుని డేటా పంపే పద్ధతి) సర్వర్ మోడ్‌లో డబ్బా ఒక పోర్టు నంబర్ మీద, మామూలుగా 4001, ఎదురుచూస్తూ ఉంటుంది, సాఫ్ట్‌వేరే నేరుగా ఐపీకీ ఆ నంబర్‌కీ కనెక్ట్ అవుతుంది. టీసీపీ క్లయింట్ దీనికి తిరగేసినది, డబ్బాయే ముందు ఫోన్ చేస్తుంది. రెండు డబ్బాల్ని జతగా పెట్టి మధ్యలో కంప్యూటర్ లేకుండా పొడవాటి సీరియల్ కేబుల్‌లా వాడే పెయిర్ మోడ్ కూడా ఉంది.

మోడ్‌ని బట్టి ఆ ఐదు సీరియల్ సెట్టింగులు ఎక్కడ కాపురముంటాయో మారిపోతుంది, ఎక్కువమంది తప్పుదోవ పట్టేది ఇక్కడే. రియల్ కామ్‌లో కామ్ పోర్టు తెరిచే సాఫ్ట్‌వేర్ ఏ వేగం అడిగితే డ్రైవర్ ఆ వేగాన్నే డబ్బాకి పంపుతుంది. డబ్బా పేజీలో మీరు ఏం పెట్టినా దాన్ని సాఫ్ట్‌వేర్ మార్చేస్తుంది, కాబట్టి అక్కడ రీసెట్ అయినా బాడ్ రేటు సాఫ్ట్‌వేర్‌లో భద్రంగా ఉంటుంది. టీసీపీ సర్వర్ మోడ్‌లో సాఫ్ట్‌వేర్‌కి సీరియల్ అనేదే తెలీదు, ఆ ఐదూ డబ్బాలో మాత్రమే ఉంటాయి. మా మిల్లు డబ్బా ఈ రెండో మోడ్‌లో ఉంది.

అన్నీ మార్చాక సబ్మిట్ నొక్కితే పనైపోదు. ఎన్‌పోర్ట్‌లో ఆ తర్వాత సేవ్ చేసి రీస్టార్ట్ చేయమని ఇంకో బటన్ వస్తుంది, అది నొక్కేదాకా పాత సెట్టింగులే నడుస్తుంటాయి. మార్చాను, అయినా రావట్లేదు అన్న ఫోన్లలో కొన్ని ఈ బటన్ దగ్గరే తేలిపోయాయి.

అంకెలు సగం కనబడితే

రీసెట్ తర్వాత ఆ రోజు ఏం చేశామంటే, 9600 పెట్టాం, చెత్త. 4800, చెత్త. 2400 పెట్టగానే తెర మీద శుభ్రంగా ఆరు సున్నాలు వచ్చాయి, అప్పుడు కాటా ఖాళీగా ఉంది. అమ్మయ్య అనుకున్నాం. ట్రాక్టర్ ఎక్కగానే మళ్ళీ చెత్త, కానీ ఈసారి మొత్తం చెత్త కాదు. 0, 3, 5, 6, 9 సరిగ్గా పడుతున్నాయి, 1, 2, 4, 7, 8 ఉండాల్సిన చోట పిచ్చి గుర్తులు.

ఇది యాదృచ్ఛికం కాదు. ప్రతి అంకెకీ ఏడు బిట్ల కోడ్ ఉంటుంది. ఆ కోడ్‌లో ఒకట్ల సంఖ్య సరిసంఖ్య అయితే ఈవెన్ ప్యారిటీ బిట్ సున్నా, బేసి అయితే ఒకటి. 0, 3, 5, 6, 9 కోడ్‌లలో ఒకట్లు సరిసంఖ్యలో ఉంటాయి, మిగతా ఐదింటిలో బేసి. మన డబ్బా 8 డేటా బిట్లు, ప్యారిటీ లేదు అనుకుని చదువుతోంది కాబట్టి ఆ ప్యారిటీ బిట్‌ని కూడా ఎనిమిదో డేటా బిట్ అనుకుంది. సున్నా అయినచోట అంకె మారలేదు, ఒకటి అయినచోట వేరే గుర్తు అయిపోయింది. 7 బిట్లు, ఈవెన్ ప్యారిటీ పెట్టగానే అన్ని అంకెలూ కుదిరాయి. సగం అంకెలు సరిగ్గా, సగం పిచ్చిగా వస్తుంటే వేగాన్ని ముట్టుకోకండి, ప్యారిటీని చూడండి. ఖాళీ కాటాతో పరీక్షించి సర్దుకుని వెళ్ళిపోకండి, సున్నా ఎప్పుడూ సరిగ్గానే కనిపిస్తుంది.

బరువు ముక్కలై వస్తే

ఇది ఇంకా ప్రమాదకరమైనది, ఎందుకంటే చెత్త కనబడదు, తప్పు సంఖ్య కనబడుతుంది. చాలా ఇండికేటర్లు ఒక సందేశాన్ని 02 అనే కోడ్‌తో మొదలుపెట్టి 03 తో ముగిస్తాయి, మధ్యలో బరువు. 9600 వేగంలో ఒక్కో అక్షరానికి దాదాపు 1.04 మిల్లీసెకన్లు, పది అక్షరాల సందేశానికి పది మిల్లీసెకన్లకి కొంచెం పైన పడుతుంది. ఆ పది మిల్లీసెకన్ల మధ్యలో డబ్బా "ఇప్పటిదాకా వచ్చింది పంపేద్దాం" అనుకుంటే 024560 అనే బరువు 0245 ఒకసారి, 60 ఇంకోసారి వెళ్తుంది. టీసీపీకి సందేశం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలీదు, దానికి అదంతా ఒక నీటి ధార లాంటిది. సరిగ్గా రాయని సాఫ్ట్‌వేర్ ఆ మొదటి ముక్కనే పూర్తి బరువు అనుకుంటే ఇరవై నాలుగున్నర టన్నుల లారీ 245 కిలోలుగా కనిపిస్తుంది. అంత తేడా ఎవరైనా పట్టేస్తారు. కానీ ముందున్న సందేశం తోకా తర్వాతి సందేశం తలా అతుక్కుని నమ్మేలా ఉండే సంఖ్య తయారైతే ఎవరు పడతారు? ఆ చీటీ మీద రైతుకి డబ్బు లెక్కకడతారు. అందుకే నేను ఈ ఒక్క సెట్టింగ్ దగ్గర ఎవరు తొందరపెట్టినా కదలను.

డబ్బాలో డేటా ప్యాకింగ్ అనే చోట డిలిమిటర్ ఉంటుంది. అక్కడ 03 పెడితే ముగింపు గుర్తు వచ్చేదాకా ఆగి, సందేశం మొత్తాన్ని ఒకేసారి పంపుతుంది. ఇది సగం వైద్యమే. మిగతా సగం సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళ చేతిలో ఉంది, 02 నుంచి 03 దాకా పోగుచేసి, పొడవు సరిపోయిందో లేదో చూసి, అప్పుడే బరువుగా తీసుకోవాలి.

మోడ్‌బస్ అనే భాషలో మాట్లాడే మీటర్ల దగ్గర ఇదే జబ్బు వేరే రూపంలో వస్తుంది. 1979లో మోడికాన్ కంపెనీ తెచ్చిన ఈ పద్ధతిలో, ఆర్‌టీయూ రకంలో, ముగింపు గుర్తంటూ ఉండదు, మూడున్నర అక్షరాలంత మౌనమే ముగింపు. 9600 వేగంలో అది సుమారు 4 మిల్లీసెకన్లు. నెట్‌వర్క్ మీద 4 మిల్లీసెకన్ల ఆలస్యం ఎప్పుడైనా జరగొచ్చు, అప్పుడు కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ సగం జవాబునే మొత్తం అనుకుని ఎర్రర్ ఇస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో టైమవుట్ పెంచడం ఒక దారి. ఇంకో గందరగోళం, మామూలు సీరియల్ సర్వర్ మోడ్‌బస్ టీసీపీ మాట్లాడదు. అది ఆర్‌టీయూ సందేశాన్ని ఉన్నదున్నట్టు టీసీపీలో పెట్టి పంపుతుంది అంతే. 502 పోర్టు మీద మోడ్‌బస్ టీసీపీ కావాలంటే సందేశం ముందు ఏడు బైట్ల హెడర్ చేర్చి, చివరి చెక్‌సమ్ (తప్పు పట్టడానికి చేర్చే లెక్క) తీసేయాలి, ఆ పని చేసేది మోడ్‌బస్ గేట్‌వే అనే వేరే డబ్బా. కొనేముందే అడగండి.

కరెంటు పోయి వచ్చాక పోర్టు బిజీ

మన దగ్గర చాలా ఎక్కువ కనిపించే కేసు ఇది. డబ్బాకి యూపీఎస్ ఉంది, ఆఫీసు కంప్యూటర్‌కి లేదు. కరెంటు పోతే కంప్యూటర్ ఠక్కున ఆగిపోయింది, వెళ్ళొస్తానని డబ్బాకి చెప్పే సమయం దొరకలేదు. డబ్బా దృష్టిలో ఆ కనెక్షన్ ఇంకా బతికే ఉంది. ఎనర్జీ మీటర్ లాగా అడిగితేనే జవాబిచ్చే పరికరం తగిలించి ఉంటే తీగ మీద ఏ చప్పుడూ ఉండదు కాబట్టి, అవతల ఎవరూ లేరని తెలుసుకునే అవకాశం కూడా డబ్బాకి ఉండదు. రెండు నిమిషాల్లో కరెంటు వచ్చి కంప్యూటర్ లేచి మళ్ళీ కనెక్ట్ అవ్వబోతే "ఒక్కరికే చోటు, ఇప్పటికే ఒకరున్నారు" అని తిప్పి పంపేస్తుంది.

ఎన్‌పోర్ట్‌లో టీసీపీ అలైవ్ చెక్ టైమ్ అని ఉంటుంది, ఫ్యాక్టరీ విలువ 7 నిమిషాలు. అంటే అంతసేపు చప్పుడు లేకపోతే అవతలివాళ్ళు ఉన్నారా లేరా అని తట్టి చూసి, లేకపోతే కనెక్షన్ మూసేస్తుంది. దాన్ని 1 నిమిషం చేస్తే ఈ గొడవ దాదాపు ఉండదు. ఇది తెలియక డబ్బాని రీసెట్ చేసినవాళ్ళకి అది "పనిచేసినట్టే" అనిపిస్తుంది, రీస్టార్ట్ అయినందుకు పాత కనెక్షన్ పోతుంది కదా, కానీ దాంతోపాటు సెట్టింగులన్నీ పోతాయి. పవర్ తీసి పెడితే చాలిన చోట రీసెట్ కొట్టడమంటే ఇదే.

రీసెట్ అంటే సరిగ్గా ఏంటి

పవర్ తీసి పెట్టడం రీసెట్ కాదు, సెట్టింగులకి ఏమీ కాదు. వెబ్ పేజీలోంచి లోడ్ ఫ్యాక్టరీ డిఫాల్ట్ చేయడం రెండో రకం, అందులో ఐపీ సెట్టింగులు మాత్రం ఉంచు అనే గడి ఉంటుంది, డబ్బా దూరంగా ఉన్నప్పుడు దాన్ని టిక్ చేయకపోతే మీరు కొట్టిన కొట్టుడుకి అది మీ నెట్‌వర్క్‌లోంచే మాయమవుతుంది. మూడోది ఆ చిల్లులోని బటన్, అది దేన్నీ మిగల్చదు.

ఐపీ తెలియకపోవడం బటన్ నొక్కడానికి కారణం కాదు. వెతికే ప్రోగ్రామ్‌తోనో, నెట్‌వర్క్ మీద పోయేవన్నీ చూపే వైర్‌షార్క్ ప్రోగ్రామ్ పెట్టి డబ్బాకి పవర్ ఇచ్చినప్పుడు అది పంపే మొదటి ఏఆర్‌పీ (తన అడ్రస్ చెప్పుకునే) ప్యాకెట్లు చూసో కనుక్కోవచ్చు. పాస్‌వర్డ్ పోయినప్పుడు మాత్రం వేరే దారి లేదు. అప్పుడు కూడా నొక్కేముందు ఒక అరగంట పెట్టి బయట దొరికేవన్నీ పోగుచేయండి. డ్రైవర్‌లో ఏ ఐపీకి ఏ కామ్ పోర్టు ముడిపెట్టి ఉందో, సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో ఏ పోర్టు నంబర్ ఉందో, ఇండికేటర్ మెనూలో బాడ్ రేటూ ప్యారిటీ ఏంటో, అన్నీ కాగితం మీద. పాస్‌వర్డ్ ఉంటే ఇంకా మంచిది, కాన్ఫిగరేషన్ ఎక్స్‌పోర్ట్ చేసి ఫైల్ దాచుకోండి.

ఇక నొక్కడం. పవర్ ఆన్‌లోనే ఉండాలి. సన్నటి పిన్నుతో బటన్ నొక్కి పట్టుకోండి, రెడీ లైటు ఆరుతూ వెలగడం మొదలవుతుంది. దాదాపు ఐదు సెకన్ల తర్వాత ఆ మిణుకు ఆగుతుంది, అప్పుడు వదలాలి. మిణుకుతుండగానే వదిలేస్తే రీసెట్ జరగదు, జరిగిందనుకుని ఫ్యాక్టరీ అడ్రస్ కోసం వెతుకుతూ ఉంటారు. ఎంతసేపు పట్టుకున్నా లైటు చలించకపోతే, ఎవరో రీసెట్ బటన్‌ని బూట్ అయిన 60 సెకన్ల తర్వాత పనిచేయకుండా పెట్టి ఉండొచ్చు. పవర్ తీసి పెట్టి, లైటు ఆకుపచ్చ అవ్వగానే ఆ నిమిషంలోపే నొక్కండి.

రీసెట్ తర్వాత ఎన్‌పోర్ట్ రియల్ కామ్ మోడ్‌కీ, 115200 వేగానికీ, 8 బిట్లు, ప్యారిటీ లేదు అనే చోటుకీ వెళ్తుంది. ఫ్లో కంట్రోల్ ఆర్‌టీఎస్/సీటీఎస్ అవుతుంది, దీన్ని జాగ్రత్తగా చూడండి. మూడు తీగల కేబుల్‌లో ఆ సంకేతాలు మోసే తీగలే ఉండవు, డబ్బా అవతలివైపు నుంచి "పంపు" అనే అనుమతి కోసం ఎదురుచూస్తూ ఒక్క అక్షరం కూడా బయటికి పంపదు. అంటే ఇండికేటర్ నుంచి వస్తుంది, ఇండికేటర్‌కి వెళ్ళదు. మూడు తీగలైతే ఫ్లో కంట్రోల్ నన్ (None, అంటే ఏదీ లేదు) అని పెట్టాలి. ఐపీ, పాస్‌వర్డ్, మోడ్, సీరియల్ సెట్టింగులు ఆ వరసలో పెట్టి, సేవ్ చేసి, లూప్‌బ్యాక్ చూసి, అప్పుడు అసలు పరికరం తగిలించండి. కంప్యూటర్ డ్రైవర్ పాత ఐపీనే పట్టుకుని ఉంటుంది, పాతదే మళ్ళీ పెడితే దాని జోలికి వెళ్ళక్కర్లేదు.

బటన్ బాగుచేయలేనిది

ఈ డబ్బాల్ని చిన్నచూపు చూడొద్దని చెప్పడానికి నాకు ఉక్రెయిన్ గుర్తొస్తుంది. 2015 డిసెంబరు 23న అక్కడి మూడు విద్యుత్ పంపిణీ కంపెనీల మీద సైబర్ దాడి జరిగి దాదాపు 2,25,000 మంది వినియోగదారులకి కరెంటు పోయింది. దాడి చేసినవాళ్ళు బ్రేకర్లు తెరిచి ఊరుకోలేదు, సబ్‌స్టేషన్లలో సీరియల్ నుంచి ఈథర్‌నెట్‌కి మార్చే డబ్బాల ఫర్మ్‌వేర్ మీద చెత్త రాసేశారు. దాంతో కంట్రోల్ రూమ్ నుంచి ఆదేశాలు పంపే దారి మూసుకుపోయింది, మనుషులు సబ్‌స్టేషన్లకి వెళ్ళి చేత్తో బ్రేకర్లు వేయాల్సి వచ్చింది. రీసెట్ బటన్ సెట్టింగుల్ని మాత్రమే వెనక్కి తెస్తుంది, ఫర్మ్‌వేర్ పోతే దానివల్ల ఏమీ కాదు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే మనకూ అదే గతి పట్టొచ్చు, కాబట్టి యూపీఎస్ లేకుండా ఆ పని మొదలుపెట్టకండి.

ఇంట్లోంచి చూసుకుంటామని రౌటర్‌లో 4001 పోర్టుని ఇంటర్నెట్‌కి తెరిచినవాళ్ళు ఉన్నారు. 2013లో హెచ్‌డీ మూర్ అనే పరిశోధకుడు ఇంటర్నెట్‌ని జల్లెడ పడితే డిజి, లాంట్రానిక్స్ కంపెనీల సీరియల్ సర్వర్లే 1,14,000కి పైగా ఐపీ అడ్రస్‌ల మీద బయటికి కనిపించాయి. టీసీపీ సర్వర్ మోడ్‌లో ఆ డేటా పోర్టుకి పాస్‌వర్డ్ అడిగే ఏర్పాటే లేదు, కనెక్ట్ అయినవాడు నేరుగా మీ మీటర్‌తో మాట్లాడేస్తాడు. దూరం నుంచి చూడాలంటే వీపీఎన్ (ఇంటర్నెట్ మీద భద్రమైన ప్రైవేటు దారి) పెట్టండి. డబ్బాలో యాక్సెసిబుల్ ఐపీ అనే జాబితా ఉంటుంది, అందులో మీ కంప్యూటర్ అడ్రస్ ఒక్కటే రాయండి, టెల్‌నెట్ వాడకపోతే ఆపేయండి.

ఆ మిల్లులో ఇప్పుడు డబ్బా పక్కన గోడ మీద, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి అతికించిన ఒక కాగితం ఉంది. ఐపీ, మాస్క్, టీసీపీ సర్వర్ 4001, 2400, 7, ఈవెన్, 1, ఫ్లో కంట్రోల్ లేదు, డిలిమిటర్ 03, అలైవ్ చెక్ 1 నిమిషం, పెట్టిన తేదీ. పాస్‌వర్డ్ ఆ కాగితం మీద లేదు, అది మిల్లు యజమాని బీరువాలో కవర్‌లో ఉంది. కింద గుమస్తా తన చేతిరాతతో ఒక గీత గీసి రాసుకున్నాడు, "మొదలు లింక్ లైట్ చూడాలె."